పిల్లలకు ఉత్తరం: ఉల్కకు బేరం ఎలా కుదురుతుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆకాశం నుంచి పడ్డ రాయి శాస్త్రవేత్తల చేతికి ఎలా వస్తుందని అడిగారు కదా. చాలాసార్లు బేరమాడితేనే వస్తుంది. ఆ బేరం గురించే ఇవాళ రాస్తున్నాను.

ధర సంగతి తర్వాత, ముందు తేలాల్సింది ఆ రాయి ఎవరిదన్నది. 1902లో అమెరికాలోని ఆరెగాన్‌లో ఒకాయనకు పదిహేను టన్నుల ఇనుప ఉల్క కనబడింది. ఉన్నదేమో ఒక కంపెనీ స్థలంలో. ఆయన నెలల తరబడి తంటాలు పడి దాన్ని తన నేలలోకి లాక్కొచ్చి, చూడ్డానికి వచ్చినవాళ్ల దగ్గర తలా పాతిక సెంట్లు వసూలు చేశాడు. కంపెనీ కోర్టుకెక్కింది. నేల ఎవరిదో రాయీ వాళ్లదేనని 1905లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తర్వాత ఒకావిడ దాన్ని కొని న్యూయార్క్ మ్యూజియానికి ఇచ్చింది. అయినా కథ తెగలేదు. ఆ రాయిని పవిత్రంగా చూసుకునే అక్కడి ఆదివాసులు, క్లాకమస్ తెగ వారసులు, అది తమదని అడిగారు. 2000లో రాజీ కుదిరింది: రాయి మ్యూజియంలోనే ఉంటుంది, ఏటా వాళ్లు వచ్చి తమ క్రతువు జరుపుకుంటారు. నన్నడిగితే, వాళ్లను మొదటే పిలిచి మాట్లాడాల్సింది. చట్టం అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు, కొన్నిచోట్ల ఉల్క ప్రభుత్వానిది.

ఇక ధర. సరదాకి సేకరించేవాళ్లకు చెక్కుచెదరని, అందమైన ముక్క కావాలి. శాస్త్రవేత్త దాన్ని కోస్తాడు, వెలుతురు దూరేంత పలచగా అరగదీస్తాడు, కొంత పొడి చేసి ఆమ్లంలో కరిగిస్తాడు. డబ్బున్న సేకర్తతో ఆయన పోటీపడలేడు. కానీ ఆయన చేతిలో ఇంకొకటుంది. ఉల్కకు అధికారికంగా పేరు రావాలంటే దాన్ని పరీక్షించి, ఉల్కలను అధ్యయనం చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘమైన మీటియొరిటికల్ సొసైటీకి వివరాలు పంపాలి. 20 గ్రాములో, మొత్తం బరువులో 20 శాతమో, ఏది తక్కువైతే అంత ముక్కను గుర్తింపున్న సంస్థలో భద్రపరచాలి. పేరులేని రాయి పెద్దగా ధర పలకదు కాబట్టి అమ్మేవాళ్లూ దిగొస్తారు. ఇక్కడే ఒక చిక్కుంది. రాయి విలువ తేల్చే మనిషే కొనేవాడూ అయితే, ‘మామూలు రాయేలెండి’ అనేయొచ్చు. అందుకే పరీక్ష ఒకరు, కొనుగోలు ఇంకొకరు చేస్తే మంచిది.

నాకు బాగా నచ్చిన బేరం కెనడాది. 2000 జనవరి 18న టాగిష్ సరస్సు మీద ఉల్క పేలి ముక్కలైంది. వారం తర్వాత, గడ్డకట్టిన సరస్సు మీద వెళ్తున్న స్థానికుడొకాయనకు నల్లటి ముక్కలు కనిపించాయి. ఒట్టి చేత్తో ముట్టుకోకుండా ప్లాస్టిక్ సంచుల్లోకి ఎత్తి, మంచు కరగనివ్వకుండా ఫ్రీజర్‌లో దాచాడు. కర్బన పదార్థం నిండిన ఆ పెళుసు రాయికి అసలు విలువ ఆ చలివల్లే నిలిచింది. అనుమతి లేకుండా ఉల్కలను దేశం దాటించకూడదని కెనడా చట్టం. చివరికి 2006లో ఆల్బర్టా విశ్వవిద్యాలయం, రాయల్ ఒంటారియో మ్యూజియం కలిసి ఆ ముక్కలను కొన్నాయి. ఒక్కరికి మించిన భారాన్ని ఇద్దరు పంచుకోవడం ఇలాంటి కొనుగోళ్లలో మామూలే.

మీకెప్పుడైనా అనుమానాస్పదమైన రాయి దొరికితే అయస్కాంతం మాత్రం ఆనించకండి. కోట్ల ఏళ్లనాటి అయస్కాంత గుర్తులు దాంతో చెరిగిపోతాయి. ఎక్కడ, ఎలా పడుందో ఫొటో తీశాకే ఎత్తండి. కడగొద్దు.

ఇట్లు,
మీ తాతయ్య