అద్దె అగ్రిమెంట్లు: పదకొండు నెలల అపోహ, మరికొన్ని

"పదకొండు నెలలకే కదండీ, నోటరీ కూడా చేయించేశాం. ఇంక రిజిస్ట్రేషన్ దేనికి?" ఓనర్లు నా ముందు కూర్చోగానే అనే మాట ఇదే. ఎవరు చెప్పారంటే జెరాక్స్ షాపతను అంటారు, లేదంటే తోడల్లుడు.

ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌లోని మాట. పదకొండు నెలల అలవాటు అక్కడే పుట్టింది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సెక్షన్‌ని సవరించేశారు. 1999 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ లీజు కాగితం రాసుకుంటే, అది ఎన్ని నెలలదైనా రిజిస్టర్ చేయించాల్సిందే. రాష్ట్రం రెండైనా ఈ రూలు మారలేదు. ఇక నోటరీ ముద్ర అంటారా, సంతకం పెట్టింది ఫలానావాళ్ళేనని చెప్పడానికే అది.

గొడవ రానంతవరకు ఏ కాగితమైనా బాగానే ఉంటుంది. విజయవాడ వన్‌టౌన్‌లో కొట్టు అద్దెకిచ్చిన ఒక పెద్దాయన వంద రూపాయల స్టాంపు పేపరు మీద మూడేళ్ళకి రాయించుకున్నారు. "ఏటా 10% పెంచాలి" అని టైపు చేసిన లైన్ల మధ్య నీలం ఇంకుతో ఇరికించి, పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు కూడా పెట్టారు. రెండో ఏడు అద్దెదారు పైసా పెంచలేదు. కోర్టులో ఆ కాగితం తీయగానే అవతలి లాయరు లేచి, రిజిస్టర్ కాలేదు, స్టాంపు డ్యూటీ చాలలేదు అన్నాడు. తక్కువ పడ్డ డ్యూటీ, దాని మీద పది రెట్ల దాకా పెనాల్టీ కడితే తప్ప కాగితాన్ని చూడను కూడా చూడరు. కట్టినా, అతను అద్దెదారుగానే లోపలికొచ్చాడని చూపించడానికే పనికొస్తుంది. 10% షరతు గాలికి పోయినట్టే. పెద్దాయనకి చివరికి మిగిలింది నెలవారీ అద్దె, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద ఖాళీ చేయమని పదిహేను రోజుల నోటీసు, ఆ తర్వాత దావా.

పన్నెండేళ్ళ భయం సంగతి వేరే. పిల్లలు డల్లాస్‌లో, ఇల్లు గుంటూరులో. "పన్నెండేళ్ళుంటే వాళ్ళదైపోతుందట" అని ఓ తల్లి మంచి కుటుంబాన్ని ఖాళీ చేయించి ఇంటికి తాళం పెట్టుకుంది. ఆమెని తప్పుపట్టలేను, అంతమంది చెవిలో ఊదారు మరి. అమ్మా, అద్దె కడుతూ ఉన్నవాడు నువ్వు ఓనరువి కాదని అనడానికే చట్టం ఒప్పుకోదు. అద్దె బ్యాంకులో వేయించుకోండి, కాగితం దాచుకోండి, చాలు. నోటీసిచ్చి అద్దె రద్దు చేశాక మాత్రం దావా వేయకుండా ఏళ్ళ తరబడి ఊరుకోవద్దు. పన్నెండేళ్ళ లెక్క మొదలయ్యేది అప్పుడే.

గడువైపోయింది కాబట్టి అద్దెదారుని బయటపెట్టి తాళం వేసేస్తాననే వీరులూ వస్తుంటారు. వేయండి. అతను ఆరు నెలల్లోపు దావా వేస్తే, మీరు ఓనరైనా సరే, కోర్టు అతన్నే మళ్ళీ లోపల కూర్చోబెడుతుంది. ఆ పైన ఖర్చులు మీవే.

స్టాంపు పేపరు ఆరు నెలలకి చెల్లదా? చెల్లుతుంది. ఆ ఆరు నెలల గడువు వాడని పేపరుకి డబ్బు వాపసు అడగడానికి. సుప్రీంకోర్టు 2008లోనే తేల్చేసింది.

అద్దెదారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి రానంటే తాళంచెవి ఇవ్వకండి. ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. చెరిసగం పెట్టుకుంటే ఇద్దరికీ పెద్ద భారం కాదు.