ఉన్నవాళ్ల సిగ్గు: అపోహలు, వాస్తవాలు

అపోహ: డబ్బున్నందుకు సిగ్గేంటి? కడుపు నిండిన బేరం!

వాస్తవం: మనిషి తనను తూచుకునేది చుట్టూ ఉన్నవాళ్లతోనే. ఒకే బల్ల మీద చదువుకున్న ఇద్దరిలో ఒకరికి రొయ్యల చెరువులుండి, రెండోవారు వాటికే మేత చల్లుతుంటే, ఎదురుపడినప్పుడు చెరువులున్నాయన తల దించుకోవడం వింతేమీ కాదు. కొత్త కారు కాలవగట్టు మీదే ఆపి ఇంటికి నడిచి రావడం, రొక్కంతో కట్టుకున్న మేడని "అంతా అప్పేనండీ" అనడం ఈ సిగ్గు చేయించే పనులే.

అపోహ: సిగ్గూ, తప్పు చేశానన్న బాధా ఒకటే.

వాస్తవం: మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లోనే వీటిని విడదీసి చూపారు. "ఈ పని తప్పు" అన్న బాధ దిద్దుకోమంటుంది. "నేనే తప్పు" అన్న సిగ్గు దాక్కోమంటుంది. సలహా కోసం వచ్చినవాళ్లతో మేం అన్నిటికంటే ముందు చేయించేది ఈ విడదీతే. కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో మీరు చేసినవి, రెండోదాంట్లో మీకు కలిసొచ్చినవి రాయండి. తాతగారి ఆరెకరాలు కాలవ కింద ఉండటం రెండో గడిలోది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఆ నేలకు నీళ్లొచ్చాయి. అందులో మీ తప్పూ లేదు, మీ గొప్పా లేదు. చేను మునిగిన ఏడాది కూడా కౌలు బస్తాలు తగ్గించకపోవడం మొదటి గడిలోది. దానికి మందుంది: వచ్చే సార్వాకి తగ్గించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టండి. దాంతో మీ భూమి హక్కు పోదు, కౌలు రైతుకి పంట రుణం అడిగే దారి దొరుకుతుంది. ఈ సంతకానికి వెనకాడి గుడికి లక్షలు రాసిచ్చినా ఆ గడి చెరగదు.

అపోహ: అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తే మనసు తేలికపడుతుంది.

వాస్తవం: ఆ పూటకే. ఇవ్వగానే ఇబ్బంది తగ్గుతుంది కాబట్టి మనసు దానికే అలవాటు పడుతుంది. మళ్లీ అడిగితే కాదనడం ఇంకా కష్టం. ఏడాదికి ఎంత ఇవ్వగలరో సంక్రాంతికే తేల్చుకోండి. ఎవరడిగినా "రేపు చెప్తాను బాబాయ్" అని ఒక రాత్రి ఆగండి. ఇచ్చేది తిరిగి తీర్చాల్సిన చేబదులో, ఊరికే చేసే సాయమో ఇచ్చేటప్పుడే నోరు తెరిచి చెప్పండి. చుట్టరికాలు చెడేది ఎక్కువగా ఈ మాట చెప్పకే.

అపోహ: ఆస్తి సంగతి దాస్తే పిల్లలు అణకువగా పెరుగుతారు.

వాస్తవం: డబ్బు ఊసెత్తకూడదని మాత్రం నేర్చుకుంటారు. పదేళ్ల పిల్లకి "తాతగారి పొలం వల్ల కొంత, అమ్మ ఉద్యోగం వల్ల కొంత" అని చెబితే చాలు.

తినడానికి కూడా అర్హత లేదనిపించడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే అది కుంగుబాటు కావచ్చు. మానసిక వైద్యుల్ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.