రేవు కింద నేల: భూకంపాలు మార్చిన పునాదుల లెక్క

భూకంపాలొచ్చే తీరంలో రేవు కట్టడం మొదటినుంచీ ఇరకాటమే. ఓడ ఆగడానికి లోతైన నీళ్లు కావాలి. కానీ అలాంటి చోట ఒడ్డున తరచూ ఉండేది ఒండ్రు, మెత్తటి బంకమన్ను, లేదంటే సముద్రాన్ని పూడ్చిన మట్టి. నీళ్లు నిండిన వదులు ఇసుకను భూకంపం కుదిపితే రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, ఇసుక పట్టు వదిలేస్తుంది. దీన్నే లిక్విఫాక్షన్ అంటారు. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్లు పెద్దగా పగలకుండానే పక్కకు ఒరిగిపోయాక దీనిమీద పరిశోధన జోరందుకుంది.

రేవుల డిజైన్ మాత్రం చాలాకాలం పాత దారిలోనే నడిచింది. కట్టడం బరువులో ఇంత శాతం అడ్డబలం వస్తుందనుకుని, దాన్ని తట్టుకునేలా కట్టేవారు. అంతకు మించి వస్తే రేవు ఎంత జరుగుతుందన్నది ఆ లెక్కలోకి వచ్చేదే కాదు. ఓడల తాకిడికి బాగా నిలుస్తాయని ఏటవాలు పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే పునాది స్తంభాలు, వేసేవారు. 1989లో కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపం వచ్చినప్పుడు ఓక్‌లాండ్ రేవులో దెబ్బతిన్నవి అవే. గట్టిగా ఉన్నందువల్లే బలమంతా వాటిమీద పడి, రేవు పైతలానికి కలిసేచోట విరిగాయి.

అసలు కుదుపు 1995 జనవరి 17న జపాన్‌లోని కోబేలో వచ్చింది. అక్కడి పోర్ట్ ఐలాండ్, రొక్కో ఐలాండ్ రెండూ సముద్రాన్ని పూడ్చి కట్టినవి. వాటి ఒడ్డు గోడలు కైసన్లు, అంటే భారీ కాంక్రీటు పెట్టెలు. చాలాచోట్ల వాటి అడుగున ఉన్న బంకమన్ను తీసేసి, కొండల నుంచి తెచ్చిన గ్రానైటు మట్టి నింపారు. ఆ నింపిన మట్టే మెత్తబడింది. కైసన్లు పెద్దగా పగల్లేదు గానీ సముద్రం వైపు కొన్నిచోట్ల 5 మీటర్ల దాకా జరిగి, ఒకటి రెండు మీటర్లు కుంగాయి. క్రేన్ నడిచే పట్టాల్లో ముందుది గోడతోపాటు జరిగింది, వెనకది అక్కడే ఉండిపోయింది. దాంతో క్రేన్ కాళ్లు ఎడంగా జరిగి వంగిపోయాయి. ప్రపంచంలోని పెద్ద కంటైనర్ రేవుల్లో ఒకటి మూగబోయింది. మాయా వార్ఫ్‌లో భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని ప్రత్యేకంగా కట్టిన బెర్త్‌లు (ఓడలు ఆగే చోట్లు) మాత్రం స్వల్ప నష్టంతో నిలబడి, సహాయ సామగ్రి దింపుకోవడానికి పనికొచ్చాయి.

మన దేశంలో ఆ పాఠం 2001 జనవరి 26న గుజరాత్‌లోని కాండ్లా రేవుకు చేరింది. రేవు, కస్టమ్స్ ఆఫీసుల టవర్ ఎత్తు 22 మీటర్లు. దాని కింద 18 మీటర్ల పొడవున్న 32 పైల్స్. పైన దాదాపు 10 మీటర్లు మెత్తటి బంకమన్ను, కింద ఇసుక. పైల్స్ ఆ ఇసుకలోనే ఆగాయి. భుజ్ భూకంపానికి ఇసుక పట్టు తప్పడంతో టవర్ ఒరిగింది. జెట్టీల పైల్స్‌లోనూ పగుళ్లొచ్చాయి. మట్టి పరీక్షల ఖర్చు దగ్గర పొదుపు చేయకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే.

అదే 2001లో అంతర్జాతీయ జలరవాణా సంఘం పియాంక్ రేవుల భూకంప డిజైన్ మార్గదర్శకాలు తెచ్చింది. దాంతో ఎంత బలం తట్టుకుంటుందన్న ప్రశ్న పక్కన, ఎంత జరిగినా పని నడుస్తుందన్న ప్రశ్న వచ్చి చేరింది. చిన్న భూకంపానికి పని ఆగకూడదు, పెద్దదానికి కూలకూడదు, నష్టం బాగుచేసుకోగలిగినంతలో ఉండాలి. కాలిఫోర్నియా ఆయిల్ టెర్మినళ్లకు ఇదే పద్ధతిని చట్టం చేసి, పాతవాటికీ నీటి అడుగు తనిఖీలు తప్పనిసరి చేసింది. కచ్ తీరంలోని పాత ఆయిల్ జెట్టీలకు కూడా అంత కఠినమైన తనిఖీ కావాలి.