అంగన్‌వాడీ ఖర్చు గురించి అపోహలు - వాస్తవాలు

అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాను. ఎక్కడికి వెళ్లినా అవే నాలుగైదు మాటలు వినపడతాయి. వాటి వల్ల నష్టపోయేది ఇంకా మాటలే రాని పసివాళ్లు. అందుకే రాస్తున్నాను.

అపోహ: "మాది పొట్టి వంశం. వీడెక్కడ పెరుగుతాడు?"

ఈ మాట ఎక్కువగా నానమ్మలు అంటారు. పిల్లలు వయసుకు తగ్గట్టు ఎదుగుతున్నారా అని చూడటానికి మేం వాడే గ్రోత్ చార్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చింది. విదేశీ పిల్లల కొలతలు తెచ్చి మన మీద రుద్దారని కొందరు అంటారు. కానీ దాని కోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు: బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా. మన దేశం తరఫున దక్షిణ ఢిల్లీ పిల్లలు ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత, వైద్యం అందిన ఇళ్లలో అన్ని దేశాల పసివాళ్లూ దాదాపు ఒకేలా ఎదిగారు. అయిదేళ్లలోపు ఎత్తును వంశం కంటే తిండి, జబ్బులు, తల్లి ఆరోగ్యమే ఎక్కువగా నిర్ణయిస్తాయి. తాత పొట్టిగా ఉంటే, ఆయన చిన్నప్పుడు ఇంట్లో తిండి ఉందా అని కూడా అడగాలి.

అపోహ: "ఒక పూట తిండి పెడితే ఏం ఒరుగుతుంది? అంతా బూడిదలో పోసిన పన్నీరు."

దీనికి జవాబు హైదరాబాద్ పక్కనే ఉంది. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ నగరానికి దగ్గర్లోని 29 ఊళ్లలో ఒక అధ్యయనం చేసింది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం అప్పటికి అన్ని ఊళ్లకీ చేరలేదు. 15 ఊళ్లలో గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్లలోపు పిల్లలకి మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా అందింది. తల్లికి సుమారు 500 క్యాలరీలు, పిల్లలకి సుమారు 300. మిగతా 14 ఊళ్లకి పథకం ఇంకా రాలేదు.

2003-05లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకి వెళ్లారు. ఆ పిల్లలు అప్పటికి పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఇంతేనా అనిపించవచ్చు. నాకు అంతకంటే పెద్దగా కనిపించింది మరొకటి. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. అంటే ముందుముందు షుగర్, గుండెజబ్బుల ముప్పు తగ్గే సూచన. అదే పిల్లల మీద తర్వాత జరిగిన విశ్లేషణలో, మూడేళ్లలోపు ఆ తిండి తిన్నవాళ్లు చదువులోనూ ముందుకు వెళ్లినట్టు తేలింది. ఒక గిన్నెడు ఉప్మా ఫలితం కనపడటానికి పదిహేనేళ్లు పట్టింది. అయిదేళ్లకోసారి లెక్క చూసుకునే ప్రభుత్వాలకి ఇది అందకపోవడానికి కారణం అదే అనిపిస్తుంది.

అపోహ: "రాష్ట్రానికి ఆదాయం పెరిగితే పిల్లలు వాళ్లంతట వాళ్లే బాగుపడతారు."

ఆదాయం పెరిగిన ఏళ్లలోనే ఏం జరిగిందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడండి. తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని, అంటే గిడసబారిన, అయిదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28 శాతం. తర్వాతి సర్వే నాటికి 33.1 శాతం. తెలంగాణలో ఆ సర్వే కోవిడ్‌కు ముందే, 2019లో జరిగింది కాబట్టి నెపం దాని మీద వేయలేం. ఆంధ్రప్రదేశ్‌లో 31.4 నుంచి 31.2కి వచ్చింది, అంటే కదలలేదు. అదే సర్వేలో రక్తహీనత ఉన్న పిల్లలు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63.2.

అపోహ: "మూడేళ్లకి అంగన్‌వాడీ కేంద్రానికి పంపుతాం కదా, అప్పుడు చూసుకోవచ్చు."

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. ఎత్తు లోటు ఎక్కువగా కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్లు నిండేలోపే వచ్చేస్తుంది. తర్వాత పూడ్చడం చాలా కష్టం. మా కేంద్రంలో రోజూ కనపడేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. అంతకంటే చిన్నవాళ్లకి బాలామృతం అనే పోషకాహార పిండి ప్యాకెట్ ఇంటికి వెళ్తుంది. రెండున్నర కిలోలు, నెలకి సరిపోవాలి. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటే వారంలో అయిపోతుంది. వాళ్లూ పిల్లలే, తల్లి ఎవరికి వద్దంటుంది? పత్తి తీతల కాలంలో తల్లి పొద్దున్నే కూలికి పోతుంది. ఎనిమిది నెలల బిడ్డ నానమ్మ దగ్గర ఉంటుంది, రోజుకి రెండుసార్లు పలచటి పప్పునీళ్లు. ఇంట్లో సరుకు లేక కాదు, కూర్చుని తినిపించే మనిషి లేక.

అపోహ: "డబ్బు కావలసినంత ఇస్తున్నారు."

2017లో కేంద్ర ప్రభుత్వం ఒక్కో పిల్లాడి తిండికి రోజుకి 8 రూపాయలు, తీవ్ర లోపం ఉంటే 12 రూపాయలు ఖరారు చేసింది. అందులో సగం రాష్ట్రానిదే. గుడ్డు కొన్నాక పప్పుకి, నూనెకి ఏం మిగులుతుందో ఇల్లు నడిపేవాళ్లకి తెలుసు. మన రెండు రాష్ట్రాల్లో గుడ్డు, పాలు అందుతున్నాయంటే సొంత ఖజానా నుంచి అదనంగా కలుపుకోవడం వల్లే.

ఇంకో మాట. ఇది దయ కాదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, బాలింతలకి ఇది హక్కు. అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: "అంగన్‌వాడీ టీచర్‌ది సగం పూట పని."

వంట చూసుకోవాలి, ఆటపాటలు చెప్పాలి, బరువు, ఎత్తు తీయాలి, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు నింపాలి, టీకాల రోజున తల్లుల్ని పిలుచుకురావాలి. ఇవన్నీ అయ్యాక ఇళ్లకి వెళ్లాలి. అందరికంటే ముందు చూడాల్సిన ఎనిమిది నెలల బిడ్డ వంతు చివరికి వస్తుంది, చాలా రోజులు అసలు రాదు. తమిళనాడులో 320 కేంద్రాలు తీసుకుని, అందులో సగం చోట్ల అదనంగా సగం పూట పనిచేసే ఒక మనిషిని పెట్టి చూశారు. చదువు చెప్పే సమయం రెట్టింపయింది. కేంద్రానికి వస్తూ ఉన్న పిల్లల్లో గిడసబారడం, తీవ్ర పోషకాహార లోపం తగ్గాయి. నేను చూసే కేంద్రాల్లో ఒక్కదానిలోనైనా అలాంటి రెండో మనిషిని చూడాలని ఉంది.