వాలు నేల మీద మెట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నేల ఎలా వంగితే మెట్లు అలా కట్టుకుంటూ పోవచ్చు.

ఎత్తుపల్లాల స్థలం చూడగానే చాలామంది ముందు గునపం అందుకుంటారు. అందుకోవాల్సింది లెవెల్ పైపు, అంటే మట్టం చూడడానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం. పై నేలకూ కింది నేలకూ మధ్య నిలువుగా ఎంత తేడా ఉందో మొదట తేలాలి. వాలు వెంబడి టేపు పరిచి కొలిచిన లెక్క దీనికి పనికిరాదు.

నిలువు తేడా 180 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఒక్కో మెట్టు 15 ఎత్తు పెడితే 12 ఎత్తులు. ఇక కాలు పెట్టే వెడల్పు. ఎత్తుకు రెట్టింపు, దానికి వెడల్పు కలిపితే 60 నుంచి 65 సెంటీమీటర్లు రావాలి. మనిషి అడుగును బట్టి 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫ్రాంస్వా బ్లాండెల్ చెప్పిన సూత్రం ఇది, నేటికీ వాడుతున్నాం. మన లెక్కలో వెడల్పు 33 పెట్టుకోవచ్చు. పన్నెండో ఎత్తు ఎక్కితే పై నేలే వస్తుంది కాబట్టి అడుగు పెట్టే చోట్లు 11. అడ్డంగా 480 సెంటీమీటర్ల స్థలం ఉంటే వాటిలో పది మెట్లకు 330 పోతుంది, మిగిలిన 150 పదకొండో చోటుగా, మధ్యలో ఆగి నిలబడే ల్యాండింగ్ అవుతుంది. స్థలం మిగిలింది కదా అని ఒక మెట్టు పొడవుగా, ఒకటి పొట్టిగా సాగదీయకండి.

అపోహ: అర అంగుళం తేడా కాలికి తెలియదు.

తెలియదు, అందుకే పడతారు. మొదటి రెండు మెట్లకే కాలు ఎత్తును పట్టేస్తుంది, ఆ తర్వాత ఎవరూ కిందికి చూడరు. తొలినాళ్లలో నేను కట్టిన ఒక వరసలో మెట్లన్నీ సమానంగానే వచ్చాయి. తర్వాత కింద 5 సెంటీమీటర్ల మందాన రాళ్లు పరిచారు. దాంతో అట్టడుగు మెట్టు ఎత్తు 15 నుంచి 10కి తగ్గింది, దిగే ప్రతివాళ్లూ అక్కడే తడబడ్డారు. అప్పటి నుంచి పైనా కిందా ఏం పరుస్తారో, ఎంత మందమో అడగకుండా నేను తాడు కట్టను.

అపోహ: మెట్టు నీటిమట్టంగా ఉంటేనే పనితనం.

ఇంట్లో అంతే. బయట మాత్రం ముందుకు కాస్త వాటం ఉండాలి, 33 సెంటీమీటర్ల వెడల్పుకు 5 మిల్లీమీటర్లు చాలు. లేకపోతే నీరు నిలిచి నాచు పడుతుంది. పై నుంచి వచ్చే వాననీటిని పక్క కాలువలోకి మళ్లించకపోతే అది మెట్ల వెనక మట్టిని మెల్లగా తోడేస్తుంది. పగుళ్లు కనబడగానే సిమెంటును తిడతారు గానీ, చాలాసార్లు అసలు కారణం ఈ నీరే.

అపోహ: గుంటల్లో మట్టి పోసి, నీళ్లు కొట్టి కట్టేయొచ్చు.

పోసిన మట్టి కుంగుతుంది. వీలైనంతవరకు వాలును తవ్వి, కదలని నేల మీదే మెట్టు కూర్చోబెట్టాలి. నింపక తప్పని చోట 15 సెంటీమీటర్లకు మించకుండా పొరలుగా వేసి, ఒక్కో పొరనూ దిమ్మిసతో గట్టిపరచాలి. పని కింది నుంచి మొదలవ్వాలి. పై మెట్లు కిందికి జారకుండా ఆపేది అడుగు మెట్టే, కాబట్టి దాని పునాది గట్టి నేలలోకి దిగాలి. ఖర్చు తగ్గించమంటే నేను రాయి రకం మారుస్తాను గానీ ఈ పునాది లోతు మాత్రం తగ్గించను.

అపోహ: పాలిష్ రాయి ఎక్కువ కాలం అందంగా ఉంటుంది.

తడిస్తే జారుతుంది. బయటి మెట్లకు గరుకు రాయే వేయండి.