ఎవరూ కొనని పాట

బుజ్జీ, చింటూ,

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, "తాతయ్యా, అప్పట్లో ఎవరూ కొనని పాత అమెరికా పాటల రికార్డుని ఇప్పుడు లక్షలు పోసి ఎందుకు కొంటున్నారు?" అని. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ అన్నానికి పిలిచింది, ఫోన్ పెట్టేశావు. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే రాస్తున్నా.

మన పెరట్లో పెంటకుప్ప మీద పోయినేడు గుమ్మడి పాదు మొలిచింది, గుర్తుందా? ఎవరూ నాటలేదు. కూర తరిగి పారేసిన గింజ. మనం మడి చేసి నీళ్లు పోసి పెంచిన పాదు రెండు కాయలతో సరిపెట్టింది, ఇదేమో గోడెక్కి పక్కింటి వాళ్లకీ కాయలిచ్చింది. ఈ రికార్డుల కథా అంతే.

గింజ అమెరికాది. 1960లలో డెట్రాయిట్‌లో మోటౌన్ అనే కంపెనీ పాటలు ఊపేస్తుంటే, అలాంటి పాటే మనమూ చేద్దామని ఊరూరా చిన్న చిన్న కంపెనీలు పుట్టాయి. పాడినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి కుర్రాళ్లు, ఆడపిల్లలు. ప్రాణం పెట్టి పాడారు. రేడియోవాళ్లు వెయ్యలేదు, జనం కొనలేదు, అరచేతికన్నా కాస్త పెద్దవైన, నిమిషానికి 45 సార్లు తిరిగే ఆ ప్లేట్లు పెట్టెలకు పెట్టెలు గోడౌన్లలో ఉండిపోయాయి. అది పెంటకుప్ప అనుకోండి.

మొలిచింది మాత్రం సముద్రం అవతల, ఉత్తర ఇంగ్లండులో. బొగ్గు గనులు, నూలు మిల్లుల ఊళ్లు అవి. వారమంతా ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకున్న పిల్లలకి శనివారం రాత్రి ఆడడానికి వేగంగా, గుండె దడదడలాడేలా ఉండే పాట కావాలి. అమెరికాలో ఫ్యాషన్ మారిపోయినా వీళ్లకి పట్టలేదు, ఆ పాత దరువే కావాలన్నారు. లండన్‌లో డేవ్ గోడిన్ అని ఒకాయన రికార్డుల షాపు నడిపేవాడు. ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాళ్లు షాపుకొచ్చి ఇవే అడుగుతుంటే, 1968లో ఆయన వీటికి 'నార్తర్న్ సోల్' అని పేరు పెట్టాడు. పాట అమెరికాది, పేరు మాత్రం విన్నవాళ్ల ఊరిది! పాదు ఎవరి గోడెక్కితే వాళ్ల కాయే కదా.

విగన్ అనే ఊళ్లో 1973 నుంచి 1981 దాకా 'విగన్ క్యాసినో' అనే హాలుండేది. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి ఆదివారం ఉదయం 8 గంటల దాకా ఆట. మందు అమ్మేవాళ్లు కాదు. కాలు సాఫీగా జారడానికి నేల మీద టాల్కం పౌడర్ చల్లుకుని, ఎవరికి వాళ్లే గిర్రున తిరిగేవాళ్లు. మీ అత్తయ్య దగ్గరికి మాంచెస్టర్ వెళ్లినప్పుడు రైలెక్కి ఆ చోటు చూసొచ్చాను. హాలు లేదు, కాలిపోయింది, ఇప్పుడక్కడ షాపింగ్ మాల్ ఉంది. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

అక్కడ ప్రతి రాత్రీ ఆఖరున అవే మూడు పాటలు వేసేవాళ్లట. అది చదివినప్పుడు మా ఊరి మైకుసెట్టు మావయ్య గుర్తొచ్చాడు. పెళ్లిళ్లకి ట్రంకు పెట్టె నిండా ప్లేట్లు తెచ్చేవాడు, ఒక్కోదాన్నీ పాత పంచె గుడ్డలో చుట్టి. రాత్రంతా జనం అడిగినవే వేసేవాడు. తెల్లారుజామున, పందిట్లో చాపల మీద అందరూ నిద్రపోయాక, ఒక ప్లేటు తీసి రెండోవైపు తిప్పేవాడు. ఆడని సినిమాలోని పాట అది. నాకప్పుడు పదేళ్లు. ముల్లు పెట్టే పని నాకిచ్చి, "అంచులు పట్టుకోరా, అరచెయ్యి తగలనీకు" అనేవాడు. కర్‌ర్ అని ఒక చిన్న గీత చప్పుడు, తర్వాత ఆ గొంతు. అమ్ముడుపోలేదంటే బాగోలేదని కాదు పిల్లలూ, వినవలసినవాడింకా రాలేదంతే.

విగన్‌లోనూ పాటలు వేసేవాళ్లు అలాగే దాచుకునేవారు. వేరేవాళ్లు కనిపెట్టకుండా ప్లేటు మీది పేరుకి కాగితం అంటించి, ఏదో దొంగ పేరు చెప్పేవాళ్లు. అలా ఎడ్డీ ఫోస్టర్ అనే పేరు మీద మోగిన పాట నిజానికి ఫ్రాంక్ విల్సన్‌ది. 1965లో మోటౌన్‌లో పాడాడు, కానీ గాయకుడిగా కాక పాటలు తయారు చేయించే పనిలోనే ఉందామనుకున్నాడు. ప్లేట్లు బజారుకి రాకముందే దాదాపు అన్నీ పోయాయి. చాలా ఏళ్లపాటు లోకానికి తెలిసినవి రెండే. అందులో ఒకటి 2009లో 25,742 పౌండ్లకి అమ్ముడైంది, ఆనాటి లెక్కన 20 లక్షల రూపాయలకు అటూ ఇటూ. గ్లోరియా జోన్స్ పాడిన 'టెయింటెడ్ లవ్' అయితే ప్లేటుకి రెండోవైపున పడి ఉన్న పాట. ఈ హాళ్లలో మోగీ మోగీ, 1981లో వేరే బృందం పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కింది.

మరి పాదు ఎందుకు అక్కడే మొలిచింది, ఇక్కడెందుకు మొలవలేదు అంటే నేను చెప్పలేను బుజ్జీ. ఆ పాటల్లో ఒకటి పెట్టుకుని మీ కాళ్లేం చేస్తాయో చూడండి.

సెలవులకి వచ్చినప్పుడు అటక మీద ఆకుపచ్చ పెట్టె దింపండి. నానమ్మ ప్లేట్లున్నాయి. ఒక్కోటీ తీసి కిటికీ వెలుగులో రెండోవైపు తిప్పండి, ఏ పాట ఉందో నాకు చదివి చెప్పండి. అంచులు పట్టుకోండి, అరచెయ్యి తగలనీకండి.

మీ
తాతయ్య