గింకో ఆకు సారం: పరీక్షలో పాసైపోయిన కల్తీ

వయసు పైబడినవాళ్ల మతిమరుపుకి, గింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన క్యాప్సూల్స్ పనిచేస్తాయా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ఆ చెట్టు ఎంత పురాతనమో అమ్మేవాళ్లు ఎటూ చెబుతూనే ఉన్నారు. అసలు చూడాల్సింది 2015 మే నెలలో చైనాలోని గ్విలిన్‌లో బయటపడ్డ సంగతి.

అక్కడి షింగ్డా కంపెనీ ఎన్నో మందుల కంపెనీలకు గింకో ఆకు సారం అమ్మేది. అనుమతి ఉన్న పద్ధతిలో సారాన్ని పలుచని ఇథనాల్ (ఆల్కహాల్)తో తీయాలి. ఆ కంపెనీ దానికి బదులు 3 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడిందని, అర్హత లేని చోట్ల సారం కొన్నదని చైనా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. ఆమ్లంతో ఖర్చు తగ్గుతుంది, కానీ పనికొచ్చే పదార్థాలు విరిగిపోతాయి. ఆ సారంతో చేసిన మాత్రలన్నీ వెనక్కి తెప్పించాల్సి వచ్చింది.

ఈ కల్తీ ముందే ఎందుకు దొరకలేదంటే, లోపం పరీక్షలోనే ఉంది. ప్రామాణిక సారంలో సుమారు 24 శాతం ఫ్లేవనాయిడ్ గ్లైకోసైడ్లు (చక్కెర అతుక్కుని ఉన్న మొక్కల పదార్థాలు), 6 శాతం టెర్పీన్ లాక్టోన్లు (మరో రకం మొక్కల పదార్థాలు) ఉంటాయి. గ్లైకోసైడ్లు చాలా రకాలు, ఒక్కొక్కటీ కొలవడం కష్టం. అందుకే ల్యాబ్‌లో నమూనాను ఆమ్లంలో మరిగించి చక్కెర భాగాన్ని ఊడగొడతారు. మిగిలిన క్వెర్సెటిన్, కెంఫెరాల్, ఐసోరామ్నెటిన్ అనే మూడు ఫ్లేవనాయిడ్లను హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం)తో కొలిచి, ఊడిన చక్కెరను లెక్కలోకి తెచ్చేందుకు మొత్తాన్ని 2.51తో గుణిస్తారు. ఫ్యాక్టరీలోనే ఆమ్లం ఆ పని చేసేసి ఉంటే ఈ లెక్కకు తెలియదు. సోఫోరా అనే వేరే చెట్టు మొగ్గల నుంచి తీసిన రూటిన్ అనే చవక ఫ్లేవనాయిడ్ గ్లైకోసైడ్ కలిపినా అంతే, మరిగిస్తే అదీ క్వెర్సెటినే అవుతుంది. 24 శాతం వచ్చేస్తుంది. గొడవయ్యాకే, మరిగించకముందు విడిగా ఉన్న ఆ మూడింటినీ కొలిచే అదనపు పరీక్ష పెట్టారు.

అమ్మేవాళ్లు చెప్పే వేల ఏళ్ల సంప్రదాయం అన్న మాటా ఈ క్యాప్సూల్‌కి అతకదు. చైనా వైద్యులు ప్రధానంగా వాడింది గింజలను, అదీ దగ్గుకీ ఆయాసానికీ. ఆకు సారాన్ని 1965లో మార్కెట్లోకి తెచ్చింది జర్మనీలోని ష్వాబే కంపెనీ.

కల్తీ లేకపోతే పనిచేస్తుందని తయారీదారుల వాదన. స్వల్ప డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు) ఉన్నవాళ్లకు రోజుకు 240 మిల్లీగ్రాముల సారం వాడవచ్చని ఐరోపా ఔషధ సంస్థ ఒప్పుకున్న మాట నిజమే. అయితే జబ్బు రాకుండా కాపాడుతుందనడం వేరే సంగతి. ష్వాబే వాళ్ల అసలు సారంతోనే అమెరికాలో 75 దాటిన 3,069 మందిపై దాదాపు ఆరేళ్లు పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. సారం తీసుకున్నవాళ్లలో 277 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 246 మందికి డిమెన్షియా వచ్చింది. చాలామంది మధ్యలో మాత్రలు మానేశారన్న అభ్యంతరం ఉంది. ఫ్రాన్స్‌లో 2,800 మందికి పైగా పాల్గొన్న, 2012లో ఫలితాలు వెలువడిన అయిదేళ్ల పరీక్షలోనూ అల్జీమర్స్ తగ్గలేదు.

మన మందుల షాపుల్లో గింకోని జిన్‌సెంగ్, విటమిన్లతో కలిపి అమ్ముతున్నారు. డబ్బామీద సారం ఎన్ని మిల్లీగ్రాములో, అలర్జీ కలిగించే గింకోలిక్ ఆమ్లం 5 పీపీఎం (పది లక్షల్లో 5 భాగాలు)కి లోపు ఉందో లేదో చూడాలి. ఉత్త ఆకు పొడి అయితే, మనుషులపై సారంతో చేసిన పై పరీక్షలేవీ దానికి వర్తించవు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఆస్పిరిన్ వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఆపరేషన్‌కి మూడు నాలుగు రోజుల ముందే ఆపేయాలి.